నాలుగు వేల దగ్గర గుట్ట

మా కార్ఖానాలో జాబర్ చెవి పెట్టాడంటే ఇక ఆ మాటకు తిరుగు లేదు. జాబర్ అంటే మరమగ్గాలను, మా మాటలో సాంచెలను, బిగించి, సరిచేసి, నడిపించే మేస్త్రీ. సోలాపూర్‌లో టర్కీ టవళ్లు నేసే ఒక షెడ్డులో నేను చాలా ఏళ్లుగా ఆ పని చేస్తున్నాను. మగ్గంలో ఏదో తేడాగా ఉందని నేసేవాడు అంటాడు. పని తప్పించుకోవడానికే అలా అంటున్నావని సేఠ్ అంటాడు. మాట పెరిగేలోపు నన్ను పిలుస్తారు. నేను వెళ్లి ఆ మగ్గం పక్కన తల వంచి ఒక నిమిషం నిలబడతాను. తల ఎత్తి నేనేమంటే అదే ఖాయం. ఇద్దరూ నోరు మూసుకుని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ ఒక్క నిమిషం కోసమే నేను ఈ పనిలో ఉన్నానేమో అనిపించేది. నా చెవులంటే నాకు అంత మురిపెం.

ఆ విద్య నాకు నేర్పింది మేమంతా కాక, అంటే చిన్నాన్న, అని పిలిచే పెద్దాయన. రక్త సంబంధమేమీ లేదు. జోడ్‌భావి పేట్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవాడు, మా షెడ్డులోనే మూలన ఉన్న మగ్గం నడిపేవాడు. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు నా చేతికి ఒక కర్రపుల్ల ఇచ్చి, దాని ఒక కొసను నడుస్తున్న మగ్గం ఇనుప చట్రానికి, రెండో కొసను నా దవడ ఎముకకు ఆనించమన్నాడు. ఏ బేరింగు ఎండిపోయిందో, ఏ నట్టు వదులైందో ఆ పుల్ల గుండా తిన్నగా తలలోకి వచ్చేది. కొన్నేళ్లకు నాకు పుల్ల అక్కర్లేకుండా పోయింది. వాకిట్లో చెప్పులు విప్పుతూనే ఏ మగ్గం కుంటుతోందో చెప్పేవాణ్ణి. అది చూసి కాక అందరి ముందూ పొంగిపోయేవాడు.

పోయిన ఎండాకాలం ఆ కాకే నన్ను తన మగ్గం దగ్గరికి పిలిచాడు. షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి కేక కూడా వినపడదు. మేమంతా పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకుంటాం. కాక పెదవులు ముందుకు చాపి ఈల వేస్తున్నట్టు చూపించి, కుడివైపు పెట్టె మీద వేలు పెట్టాడు. అటూ ఇటూ పరుగెత్తి అడ్డదారం వేసే నాడెను మేము ధోటా అంటాం. ఆ ధోటా వచ్చి కుడి పెట్టెలో దూరిన ప్రతిసారీ సన్నగా ఈల వస్తోందని ఆయన చెబుతున్నాడు. నేను తల వంచి విన్నాను. ధోటాను తోసే కొట్టు దెబ్బ గట్టిగా, శుభ్రంగా వినిపించింది. ఈల లేదు. లేదని చెయ్యి ఊపి వచ్చేశాను.

రెండు రోజులకు మళ్లీ పిలిచాడు. మళ్లీ విన్నాను, మళ్లీ లేదన్నాను. మూడోసారి పిలిచేసరికి నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకుని బయటికి, వాకిట్లోకి తీసుకుపోయాను.

"ఏం ఆవాజ్ లేదు కాకా. సాంచె బరాబర్ నడుస్తుంది. నీకు అరవై దాటినయ్, నీ చెవులల్లనే ఏదో మోగుతున్నట్టుంది. జర డాక్టర్‌కు జూపించుకో."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. షెడ్డులోంచి నలుగురైదుగురు అది చూశారు.

పది రోజులైనా కాకముందే ఆ మగ్గం నుంచి ధోటా ఎగిరింది. నడవ మీదుగా దూసుకుపోయి ఎదురు గోడకు తగిలి రెండు ముక్కలైంది. ఇనుప మొనలున్న కర్ర అది, మనిషి కణతకు తగిలితే ఇక అంతే. అదృష్టం కొద్దీ దారిలో ఎవరూ లేరు. పడుగు దారాలు గుత్తులు గుత్తులుగా తెగిపోయాయి. సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. అన్ని మగ్గాలూ ఆపించి, అందరి ముందూ నన్నే అడిగాడు, మగ్గం సరిగ్గా ఉందా లేదా అని.

"సాంచె బరాబర్‌నే ఉంది సేఠ్," అన్నాను. "నడిపే చెయ్యే జర..."

సగంలో ఆపేశాను. ఆ సగమే చాలింది. మర్నాటి నుంచి కాక పనికి రాలేదు. ఆ నెలలోనే కొడుకు కుటుంబంతో కలిసి ఊరి అవతల కుంభారిలో కార్మికులకు కట్టిన కొత్త కాలనీకి వెళ్లిపోయాడని విన్నాను. అప్పట్లో నాకు బాధ కలిగింది గానీ తప్పు చేశానని మాత్రం అనిపించలేదు. నేను విన్నాను, ఈల లేదు. లేనిది ఉందని ఎలా చెప్పను? కొత్త ధోటా వేసి, ఆ మగ్గం వేగం కాస్త తగ్గించి, ఇంకో నేతగాణ్ణి నిలబెట్టాం.

స్పీకర్ల పిచ్చి పట్టింది ఆ తర్వాత. కొంతం చౌక్ దగ్గర రిపేరు దుకాణంలో ఎవరో వదిలేసిన రెండు చెక్క స్పీకర్లు, లావు మోత కోసం మోకాలెత్తు సబ్‌వూఫర్ ఒకటి కనిపించాయి. ఇంటికి తెచ్చి, చిరిగిన గుడ్డ మార్చి, వదులైన మరలు బిగించాను. మాది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది. అందులోనే మంచం, బీరువా, నా భార్య బీడీ ఆకుల సంచులు. వాటిని నడిపే ఆంప్లిఫయర్ మీద వరసగా చిన్న మీటలుంటాయి. ఒక్కో మీట ఒక్కో స్థాయి ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ స్థాయిని హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో, లెక్కిస్తారు. ఇరవై దగ్గర మొదలైతే గుండెల్లో దడదడలాడే మోత, పదివేలు దాటితే చెవికి అందీ అందని సన్నదనం. ఇలాంటి పని ఇంకొకరికి అప్పగించే రకం కాదు నేను. పాట పెట్టుకుని, కళ్లు మూసుకుని, నా చెవితో నేనే సరిచేశాను. తబలా అంచు మొద్దుగా ఉందనిపించి నాలుగు వేల దగ్గరున్న మీటను కొంచెం పైకి నెట్టాను. చాలలేదు. ఇంకొంచెం నెట్టాను. మీట పైకొసకు చేరాక గానీ గజ్జెల చప్పుడు నాకు విడివిడిగా వినిపించలేదు. అప్పుడు తృప్తిగా ఉంది.

నా భార్య గదిలో గోడకు ఆనుకుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. స్పీకర్లు వచ్చిన వారానికి గడప దగ్గరికి జరిగింది. ఇంకో వారానికి పక్కింటి అరుగు మీదికి చేరింది. ఎందుకని అడిగితే గాలి కోసమంది. నేను నమ్మాను. పాటలంటే దీనికి పట్టదులే అని కూడా అనుకున్నాను.

నేను కొలతల మనిషిని. గేజి పెట్టి చూడకుండా ఏదీ బిగించను. స్పీకర్లను కొలవడానికీ ఒక మైకు దొరుకుతుందని తెలిశాక ఊరుకోలేకపోయాను. బొటనవేలంత మైకు. దాన్ని మనం కూర్చునే చోట చెవి ఎత్తులో నిలబెట్టి లాప్‌టాప్‌కు కలిపితే, స్పీకర్ నుంచి వచ్చింది వచ్చినట్టు తెర మీద గీత గీసి చూపిస్తుంది. గీత చదునుగా ఉంటే గది బాగున్నట్టు, గుట్టలూ గుంతలూ ఉంటే బాగా లేనట్టు. లాప్‌టాప్ మా అమ్మాయిది, డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. పనిరోజున కొలవడం కుదరలేదు. మా గోడ అవతల ఇంకో కార్ఖానా ఉంది. దాని మోటార్ల మోత తెర మీద కింది భాగమంతా గడ్డి మొలిచినట్టు కనిపించింది. కార్ఖానాలన్నీ ఆగే వారం సుట్టీ రోజు కోసం ఆగాం.

ఆ రోజు పేటంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మాయి మీట నొక్కగానే స్పీకర్లలోంచి ఒకటే ధ్వని అడుగున మూలుగులా మొదలై, పైకి పైకి సాగి, సన్నగా అయిపోయి ఆగింది. తెర మీద గీత వచ్చింది. నలభై ఏడు దగ్గర ఒక గుట్ట, యాభై ఆరు దగ్గర ఇంకో గుట్ట. అవి స్పీకర్ తప్పు కాదని, గది పొడవూ వెడల్పూ అలాంటివని అమ్మాయి చదివి చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. ప్రతి మగ్గానికీ ఒక వేగం దగ్గర వణుకు ఎక్కువ, ఆ వేగం మగ్గం కొలతల్లోనే ఉంటుంది. ఆ రెండు మీటలూ కిందికి దించితే గుట్టలు అణిగాయి. డెబ్బై దగ్గర మాత్రం ఒక గుంత ఉంది. అక్కడి మీట ఎంత పెంచినా గుంత గుంతలాగే ఉండిపోయింది.

"గుట్ట కొట్టెయ్యొచ్చు గానీ గుంత నింపరాదు పప్పా," అంది అమ్మాయి. "గోడకు తగిలి వచ్చిన ఆవాజ్, అసల్ ఆవాజ్ గీడ ఒకదాన్నొకటి మింగుతున్నయ్. నువ్వెంత పోస్తే గంత మింగుతయ్. సబ్‌వూఫర్ జాగ మార్చాలె."

జాగా వెతకడానికి ఒక పద్ధతి ఉందట. నేను కూర్చునే కుర్చీలో సబ్‌వూఫర్‌ను కూర్చోబెట్టి, నేను గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. మోత ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడే దాని చోటు. నేను మోకాళ్ల మీద పాకుతుంటే నా భార్య గడపలో నిలబడి పడీ పడీ నవ్వింది. "గీ వయసుల దోగాడుతున్నవా! ఎవరన్న జూస్తే పిచ్చి లేసిందంటరు," అంది. ఆకుల సంచుల పక్కన మోత నిండుగా, సమంగా వినిపించింది. సబ్‌వూఫర్‌ను అక్కడికి జరిపి మళ్లీ కొలిస్తే గుంత సగానికి సగం పూడింది. ఇంట్లో ఉన్న చద్దర్లన్నీ మడిచి మూలల్లో పేర్చాం. కింది గుట్టలకు వాటితో పెద్దగా లాభం లేదు గానీ గదిలో గలగల తగ్గింది. ఆ మధ్యాహ్నం మా ముగ్గురికీ బాగా గడిచింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వులు వినిపించాయి.

కింద అంత కష్టపడి చదును చేశాక పైన చూస్తే నాలుగు వేల దగ్గర ఒక గుట్ట. మిగిలినవన్నీ దాని ముందు తుక్కు. అంతెత్తు గుట్ట.

మైకు చెడిపోయిందన్నాను. వాపసు పంపి ఇంకో మైకు తెప్పించాను. తర్వాతి సుట్టీ రోజున కొలిస్తే రెండో మైకు కూడా అదే చోట అదే గుట్ట గీసింది. మైకులు తయారు చేసేవాళ్లు అన్నీ ఇలాగే చేస్తున్నారని తిట్టడం మొదలుపెట్టాను.

"గుట్ట నువ్వే పెట్టినవ్ పప్పా," అంది అమ్మాయి నెమ్మదిగా. "మీట జూడు."

మీటను మధ్యలోకి దించింది. మళ్లీ కొలిచింది. గీత చదునుగా వచ్చింది. పాట పెట్టింది. స్పీకర్ల మీద ఎవరో దుప్పటి కప్పేసినట్టుంది నాకు. తబలా లేదు, గజ్జెలు లేవు. ఇదేం పాట అని అరవబోతుంటే నా భార్య పక్కింటి అరుగు మీద నుంచి లేచి, చాట పట్టుకుని లోపలికి వచ్చి, తన పాత చోట గోడకు ఆనుకుని కూర్చుంది.

"హా, గిప్పుడు మంచిగుంది," అంది.

అమ్మాయి నావైపు చూడకుండా లాప్‌టాప్‌లో ఏదో వెతికి, ఒకే ఒక ధ్వని పెట్టింది. వినిపిస్తోందా అని అడిగింది. వినిపిస్తోందన్నాను. నెమ్మదిగా పైకి జరపసాగింది. రెండు వేలు, వినిపించింది. మూడు వేలు, దూరంగా వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"ఆపినవేంది?" అన్నాను.

అమ్మాయి ఆపలేదు. తెర మీద నాలుగు వేల మూడు వందలని ఉంది. పక్కన ధ్వని ఎంత గట్టిగా వస్తోందో చూపే పచ్చ గీత నిండుగా వెలుగుతోంది. నా భార్య వైపు చూశాను. తంబాకు అంటిన రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, ముఖం చిట్లించి కూర్చుంది. గదిలో అంత మోత మోగుతుంటే నాకు మాత్రం గోడ గడియారం టక్‌టక్‌మనడం వినిపిస్తోంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను ఆమెతో, ఆ ధ్వని ఆగాక.

"ఎప్పటిసందో ఎరుకే. నీ ముంగటకొచ్చి మొఖం జూసుకుంట మాట్లాడ్త గద, ఎందుకనుకున్నవ్?"

ఆమె నాన్న కూడా మగ్గం మనిషే కాబట్టి అది పుట్టింటి అలవాటనుకున్నాను. కొన్నిసార్లు అది ప్రేమ అనుకుని లోలోపల గర్వపడ్డాను కూడా.

"మరి ఎందుకు జెప్పలే?"

"జాబర్ చెవి పనికొస్తలేదని ఇంటిదే అంటే ఇంకేమన్న ఉన్నదా? గా మాట గడప దాటితే నీ పనేం గావాలె?"

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. కోపం కాసేపటికి దిగింది, దాని వెనకాల భయం వచ్చింది. ఆ భయంలో ఉండగానే కాక పెదవులు ముందుకు చాపి ఈల వేస్తున్నట్టు చూపించిన ముఖం కళ్ల ముందుకొచ్చింది. మగ్గం జబ్బులు ఎక్కువగా లావు చప్పుళ్లతోనే బయటపడతాయి. అవన్నీ నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. అందుకే ఇన్నేళ్లూ నా పని నడిచింది, అందుకే నాకే తెలియలేదు. సన్నటి ఈల మాట వేరు.

మర్నాడు అమ్మాయి నా ఫోన్‌లో ధ్వనిని గీతలుగా చూపించేది ఒకటి వేసి ఇచ్చింది. షెడ్డుకు వెళ్లి మూలనున్న మగ్గం కుడి పెట్టె దగ్గర ఫోన్ పట్టుకున్నాను. ధోటా వచ్చి దూరింది. ఐదు వేల దగ్గర ఒక గీత నిట్టనిలువుగా లేచి పడిపోయింది. మళ్లీ దూరింది, మళ్లీ లేచింది. ధోటా వచ్చిన ప్రతిసారీ లేస్తూనే ఉంది. ఎడమ పెట్టె దగ్గర పెట్టి చూస్తే ఏమీ లేదు. ఆ చప్పుడు కాసేపు రికార్డు చేసుకున్నాను. కాక స్థానంలో వచ్చిన నేతగాడు నన్నే చూస్తున్నాడు. పెదవులు చాపి ఈల సైగ చేసి, వస్తోందా అని కనుబొమ్మలతో అడిగాను. అతను అటూ ఇటూ చూసి తల ఊపాడు. బయటికి పిలిచాను.

"వస్తది గద. రోజూ వస్తది," అన్నాడు.

"మరి నాకెందుకు జెప్పలే?"

"కాక జెప్తే ఏమైందో అందరం జూసినం. మల్ల నేనెందుకు జెప్తా?"

మగ్గం ఆపి పెట్టె విప్పాను. లోపల ధోటాను ఒత్తి పట్టి ఆపే పలక అరిగిపోయి ఉంది. దాన్ని బిగించే బోల్టు తల ఒక వెంట్రుకంత బయటికి పొడుచుకొచ్చింది. దూరిన ప్రతిసారీ ధోటా దానికి రాసుకుంటోంది. అలా రాసుకుని దారి తప్పితే ఎగరక ఏం చేస్తుంది? ఇన్ని నెలలూ ఇంకో మనిషిని దాని ముందు నిలబెట్టాను. పలక మార్చి, బోల్టు లోపలికి దించి, మగ్గం నడిపించాను. ఫోన్‌లో గీత లేవలేదు. నేతగాడు నవ్వాడు. నాకు మాత్రం అంతకుముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

సేఠ్ గదిలోకి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసే ఉందో లేదో మరోసారి చూశాడు.

"గీ మాట గీడనే ఉండనీ జాబర్," అన్నాడు. "నిన్ను నాలుగు షెడ్ల వాళ్లు పిలుస్తరు. చెవి పోయిందని తెలిస్తే ఎవడు పిలుస్తడు? సాంచె మంచిగయింది, పనికి రమ్మని కాకకు నేనే ఖబర్ పంపుత. బస్."

సిగ్గు లేకుండా నేను సరేనన్నాను. కాక పని కాకకు దక్కుతుంది, నా పని నాకు ఉంటుంది, ఇంకేం కావాలి అని ఆ నాలుగు రోజులూ ఊపిరి పీల్చుకున్నాను. ఇంట్లో నా భార్య ముందుకొచ్చి నిలబడి మాట్లాడుతుంటే మాత్రం తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఐదో రోజు సేఠ్ పంపిన మనిషి తిరిగొచ్చి కాక రానన్నాడని చెప్పాడు. ఎందుకు రాడని సేఠ్ అడిగాడు.

"చెవులు ఖరాబైనయంట. లేని ఆవాజ్ ఇనవడ్తదంట. గట్లాంటోడు సాంచె ముంగట నిలవడితే ఎవల్నో ఒకల్ని సంపుతడు, వద్దు, అన్నడు."

ఆ మాట చెబుతూ ఆ మనిషి నవ్వాడు. సేఠ్ నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నేను స్కూటర్ తాళం తీసుకుని అప్పటికప్పుడే కుంభారి బయల్దేరాను.

కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, అడుగుతూ అడుగుతూ వెళ్లాను. కాక గడప ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. రెండు చెవుల్లో నూనెలో తడిపిన దూది. పక్కనే కోడలు బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి మంచినీళ్లిచ్చింది.

"మామకు చెవులల్ల మోగుతదంట. డాక్టర్ జూసి ఏం లేదన్నడు, చెవులు మంచిగనే ఉన్నయన్నడు. అయినా ఇనడు. జాబరే లేదన్నంక డాక్టర్‌కేం ఎరుక అంటడు. గా దూది తియ్యడు."

నేను చాప అంచున కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. దూది పెట్టుకున్న మనిషితో షెడ్డులో మాట్లాడినట్టే చేతులతో చెప్పాను. మగ్గం చెడిపోతే మా షెడ్డులో ఒక సైగ ఉంది, అరచేతిని రెండుసార్లు బోర్లిస్తాం. నా చెవి చూపించి, అరచేతిని రెండుసార్లు బోర్లించాను.

కాక తల ఊపాడు. తన చెవి ముట్టుకుని, తన అరచేతిని రెండుసార్లు బోర్లించాడు. అవును, పోయాయి, నువ్వు చెప్పింది నిజమే అన్నట్టు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, దాన్ని నా చెవి మీద పెట్టుకున్నాను. ఇంకో చేత్తో ఆయన చెవుల్లోని దూది నేనే తీసేశాను.

"నీయి గాదు కాకా. నాయి. ఈల ఉండె. పెట్టెల బోల్టు తల రాసుకుంటుండె. నాకు ఇనవడలే. నీకు ఇనవడ్డది."

కోడలు చేతిలో దారం అలాగే ఉండిపోయింది. తర్వాత కాక ఒక్కసారిగా నా చెయ్యి విదిలించేశాడు.

"ఏడు నెలలు," అన్నాడు. "ఏడు నెలల్నుంచి కోడలు పిలుస్తే గూడ, నిజంగనే పిలిచిందా, నా తలకాయల మోగిందా అని పలుకుతలేను. మనవడు ఏడిస్తే లేస్తలేను. నా చెవులు అబద్ధమాడ్తున్నయనుకున్న. నువ్వు లేదన్నవ్ గదరా. నేను నేర్పిన చెవి గది. గదే లేదన్నంక నాదెట్ల నిజమైతది?"

నేను తల దించుకున్నాను. కాళ్లు పట్టుకోవాలనిపించింది గానీ ఆయన పట్టుకోనివ్వడని తెలుసు.

"షెడ్డుల జెప్పినవా?" అన్నాడు.

"సేఠ్‌కు జెప్పిన."

"సేఠ్‌కు గాదు. గా దినం నన్ను అందరి ముంగట అన్నవ్. సాంచెలన్ని బంద్ జేపిచ్చి, అందరు ఇనేటట్టు జెప్పు."

అలాగే అన్నాను. మర్నాడు అలాగే చెప్పాను కూడా. తర్వాత వేరే షెడ్లవాళ్లు నన్ను పిలవడం తగ్గించారు. అది జరగవలసిందే. కానీ కుంభారిలో ఆ రోజు అంతటితో లేచి రాలేకపోయాను. జేబులోంచి ఫోన్ తీసి, పలక మార్చకముందు రికార్డు చేసుకున్న మగ్గం చప్పుడు పెట్టాను.

కాక వీపు నిటారుగా అయింది. చూపుడు వేలు లేచింది. "ఇగో," అన్నాడు. వేలు దిగి మళ్లీ లేచింది. "ఇగో. ఇగో." ధోటా దూరిన ప్రతిసారీ వేలు లేస్తూనే ఉంది, ఒక్కటీ తప్పలేదు. అవునన్నట్టు కోడలు కూడా తల ఊపింది. ఇంట్లోంచి మనవడు వచ్చి గోల ఆపమన్నాడు. నాకు కొట్టు దెబ్బ తప్ప ఏమీ వినపడలేదు. ఆయన వేలు చూస్తూ కూర్చున్నాను.

రికార్డు అయిపోయింది. కాక నా ముఖంలోకి చూశాడు.

"ఖరంచ, నిజంగనే నీకు ఇనవడ్తలేదా?"

"లేదు కాకా."

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టమని కోడలికిచ్చాడు. అది మోగడం మొదలవగానే తీసుకుని, ముందు నా చెవికి దగ్గరగా పట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెం ఆలోచించి, ఒక చేత్తో నా తల వెనకాల పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ అంచును నా దవడ ఎముకకు గట్టిగా ఆనించాడు, మొదటి రోజు కర్రపుల్ల ఆనించినట్టే.

"గిప్పుడు?" అన్నాడు.